డోర్సెట్‌లో ఒక్క రోజు: పిల్లలతో, పెద్దవాళ్ళతో ఏ చోటికి వెళ్తే బాగుంటుంది?

మామగారికి మోకాళ్ళ నొప్పులు. అత్తగారికి చలిగాలి పడదు. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, డైనోసార్ అన్న మాట వినపడితే చాలు లేచి నిలబడతాడు. చిన్నదానికి నాలుగేళ్ళు, ఇసుక కనపడితే ఇంకేమీ అక్కర్లేదు. వీళ్ళందరినీ ఒకే కారులో ఎక్కించుకుని, ఇంగ్లండ్‌లో మేముండే రెడింగ్ నుంచి డోర్సెట్‌కు చాలాసార్లు వెళ్ళాం. మొదటిసారి మాత్రం ఫోటోల్లో ఏది బాగుందో చూసి చోటు ఎంచుకున్నాం. డర్డిల్ డోర్ అనే సముద్రపు రాతి తోరణం దగ్గర కారు ఆపి, కిందికి దిగే దారి చూడగానే మామగారు "మీరు వెళ్ళి రండమ్మా, నేనిక్కడే ఉంటాను" అన్నారు. గంటన్నరసేపు ఆయన కారులోనే కూర్చున్నారు. అంత అందమైన సముద్రం ఎదురుగా ఉన్నా నా మనసంతా పైన కార్ పార్కులోనే ఉంది.

అప్పటి నుంచి మా ఇంట్లో లెక్క మారింది. అందరికంటే తక్కువ నడవగలిగేవాళ్ళు ఎవరో చూసుకుని ముందు చోటు నిర్ణయిస్తాం. మిగతావాళ్ళ ఇష్టాలు ఆ తర్వాత. వేసవికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చే ఇళ్ళలో ఇదే లెక్క పనికొస్తుందని నా నమ్మకం. అందుకే ఈ పోలిక కూడా ఆ లెక్కనే రాస్తున్నాను.

ముందు డోర్సెట్ ఎలా ఉంటుందో కొంచెం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉన్న కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది. ఇక్కడి తీరంలో ఎక్కువ భాగం జురాసిక్ కోస్ట్ కిందికి వస్తుంది. పక్కనున్న డెవన్‌లోని ఎక్స్‌మత్ దగ్గర మొదలై డోర్సెట్‌లోని స్టడ్‌ల్యాండ్ దాకా 95 మైళ్ళు సాగే ఈ తీరాన్ని యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 18 కోట్ల 50 లక్షల ఏళ్ళ భూమి చరిత్ర ఈ రాళ్ళలో పొరలు పొరలుగా కనిపిస్తుంది. తిరగడానికి మాత్రం దీన్ని మూడు ముక్కలుగా అనుకోండి: తూర్పున బోర్న్‌మత్, పూల్, మధ్యలో స్వానేజ్, కార్ఫ్, లల్‌వర్త్, పడమర వేమత్, లైమ్ రీజిస్. ఒక రోజుకు ఒక ముక్కే పెట్టుకోండి. మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నట్టు కనిపించినా దారులు ఇరుకు. వేసవి శనివారాల్లో వేరమ్ నుంచి స్వానేజ్ వెళ్ళే రోడ్డు మీద కార్లు బారులు తీరి ఉంటాయి. "ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా" అని మూడు చోట్లు పెట్టుకుంటే సగం రోజు కారులోనే గడిచిపోతుంది.

ఇసుక కోసమే వెళ్తుంటే

చిన్నపిల్లలుంటే ముందు అడిగేది ఇసుకే. డోర్సెట్‌లో ఇసుక బీచ్ అంటే ప్రధానంగా మూడు: బోర్న్‌మత్, స్టడ్‌ల్యాండ్, వేమత్. స్వానేజ్‌లో కూడా మంచి ఇసుక ఉంది కానీ దాన్ని రైలుతో కలిపి చూడటం మేలు, ఆ సంగతి కింద చెప్తాను.

బోర్న్‌మత్‌లో ఏడు మైళ్ళ ఇసుక. ఊరు పెద్దది, తిండికి లోటు లేదు, వాన వస్తే తలదాచుకోవడానికి షాపులున్నాయి. రెడింగ్ నుంచి, లండన్ వాటర్లూ నుంచి నేరుగా రైళ్ళున్నాయి. నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. వేసవిలో ఇక్కడ పిల్లల చేతికి రంగు బ్యాండ్ కడతారు, బీచ్ పొడవునా అదే రంగుల్లో బోర్డులుంటాయి. పిల్ల తప్పిపోతే ఏ భాగం నుంచి వచ్చిందో వెంటనే తెలిసిపోతుంది. ఆగస్టులో ఆ జనాన్ని చూస్తే ఈ ఏర్పాటు విలువ అర్థమవుతుంది. ఆ జనమే దీనికున్న ఇబ్బంది కూడా. ఎండ కాసిన ఆదివారం పదకొండు దాటాక కార్ పార్కు దొరకడం కష్టం.

స్టడ్‌ల్యాండ్ దీనికి పూర్తిగా వేరు. పాత కట్టడాల్ని, తీరాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చేతిలో ఉన్న బీచ్. వెనక ఇసుక దిబ్బలు, పొదలు, ముందు లోతు లేని నీళ్ళు. నాలుగేళ్ళ పిల్ల చాలా దూరం వెళ్ళినా నీళ్ళు మోకాళ్ళ దగ్గరే ఉంటాయి. ట్రస్ట్ సభ్యత్వం ఉంటే పార్కింగ్ ఉచితం. ఒక విషయం ముందే తెలుసుకుని వెళ్ళండి. ఇక్కడి నోల్ బీచ్ నుంచి షెల్ బే వైపు నడుస్తూ పోతే, బట్టలు లేకుండా ఉండేవాళ్ళ కోసం అధికారికంగా కేటాయించిన భాగం ఒకటి వస్తుంది. బోర్డులు ఉంటాయి. వాళ్ళ చోటు వాళ్ళది, తప్పేమీ లేదు. కానీ అత్తమామలతో వాకింగ్‌కు బయల్దేరి తెలియకుండా అటు వెళ్తే అందరికీ ఇబ్బంది. నోల్ బీచ్ కార్ పార్కు ఎదురుగానే ఉండిపోండి, లేదా సౌత్ బీచ్‌కు వెళ్ళండి.

పెద్దవాళ్ళు కూడా వస్తుంటే నా ఓటు వేమత్‌కే. స్టేషన్‌లో దిగి కొద్ది నిమిషాలు నడిస్తే బీచ్. మెట్లు లేవు, ఎత్తుపల్లాలు లేవు, సముద్రం పక్కనే పొడవాటి చదునైన నడకదారి, దాని పొడవునా కూర్చోవడానికి చోట్లు. మామగారు పేపరు పట్టుకుని కూర్చుని పిల్లల్ని చూస్తూ నాలుగు గంటలు గడిపిన చోటు ఇది. నీళ్ళు కూడా స్టడ్‌ల్యాండ్‌లాగే లోతు తక్కువ. మూడో జార్జి రాజు 1789లో ఆరోగ్యం కోసం సముద్ర స్నానానికి ఈ ఊరికి వచ్చాడు. ఆ తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ వచ్చాడు. అలా ఈ ఊరికి పేరొచ్చింది. రంగులు వేసిన ఆయన విగ్రహం ఇప్పటికీ బీచ్ ఎదురుగానే ఉంటుంది. వాన వస్తే దగ్గర్లోనే సీ లైఫ్ అనే అక్వేరియం ఉంది, చేపలు, పెంగ్విన్లు చూపించవచ్చు.

డర్డిల్ డోరా, లల్‌వర్త్ కోవా?

అందరి ఫోన్లలో ఉండే ఫోటో డర్డిల్ డోర్‌దే. సముద్రం లోపలికి పొడుచుకొచ్చిన సున్నపురాయిని అలలు తొలిచేసి చేసిన పెద్ద తోరణం. తిరుమలలో శిలాతోరణం చూసినవాళ్ళకు ఇది ఎలాంటిదో సులువుగా చెప్పొచ్చు. అలాంటిదే, కానీ ఎన్నో రెట్లు పెద్దది, సముద్రంలో నిలబడింది. అత్తగారు ఫోటో చూసి అన్నమాట కూడా అదే: "శిలాతోరణానికి అక్కగారిలా ఉందే."

దారి మాత్రం నిజంగా కష్టం. కార్ పార్కు కొండ మీద ఉంటుంది. అక్కణ్ణుంచి గులకరాళ్ళ దారిలో నిటారుగా దిగి, తర్వాత మెట్లు దిగితేనే బీచ్. దిగడం ఒక ఎత్తు, తిరిగి ఎక్కడం ఇంకో ఎత్తు. పిల్లల బండి తీసుకెళ్ళే ఆలోచనే వద్దు. బీచ్‌లో ఇసుక కాదు, గులకరాళ్ళు. నీళ్ళు త్వరగా లోతవుతాయి. ఆ తోరణం మీదికెక్కి దూకేవాళ్ళు కనిపిస్తే టీనేజ్ పిల్లలకు గట్టిగా చెప్పండి. 2020 మే నెలలో అలా దూకినవాళ్ళు తీవ్రంగా గాయపడితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది.

లల్‌వర్త్ కోవ్ ఇక్కడికి కొండ మీదుగా మైలు దూరం. గుండ్రంగా గిన్నెలా ఉండే చిన్న సముద్రపు మడుగు, ఒక వైపు సన్నటి ద్వారం. సన్నగా అడ్డం నిలిచిన గట్టి రాతిని సముద్రం ఒకచోట చీల్చుకుని లోపలికొచ్చి, వెనకున్న మెత్తటి మట్టిని గుండ్రంగా తినేసింది. ఇక్కడ కార్ పార్కు నుంచి నీళ్ళ దాకా ఊళ్ళోని మామూలు రోడ్డే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా నెమ్మదిగా వెళ్ళగలరు, మధ్యలో ఐస్‌క్రీమ్ షాపులున్నాయి. కాబట్టి మా పద్ధతి ఇది: పెద్దవాళ్ళు, చిన్నది కోవ్ దగ్గర ఉంటారు, నడవగలిగేవాళ్ళు కొండెక్కి డర్డిల్ డోర్ చూసి వస్తారు. ఎవరూ కారులో మిగిలిపోరు. ఆ కొండ కూడా నిటారే, చెప్పులతో వద్దు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి.

శిలాజాల వేట

నన్నడిగితే డోర్సెట్‌లో ఇంకెక్కడా దొరకని అనుభవం ఇదే. దీనికే ఎక్కువ దూరం వెళ్ళాలి. రెడింగ్ నుంచి దాదాపు మూడు గంటల ప్రయాణం, అయినా నేను మళ్ళీ మళ్ళీ వెళ్తాను.

లైమ్ రీజిస్, చార్మత్ పక్కపక్క ఊళ్ళు. రెండింటి మధ్యా నల్లటి బంకమట్టి కొండలు. ప్రతి చలికాలం అలలకు, వానలకు కొంచెం కొంచెంగా విరిగి బీచ్ మీద పడతాయి. వాటిలోంచి 19 కోట్ల ఏళ్ళ నాటి ప్రాణుల శిలాజాలు బయటపడతాయి. ఎక్కువగా దొరికేవి అమ్మొనైట్లు, అంటే చుట్టలు చుట్టుకున్న గుల్లలున్న సముద్ర జీవులు. స్క్విడ్‌లాంటి జీవుల అవశేషాలైన, తూటాల్లా ఉండే బెలెమ్నైట్లు కూడా దొరుకుతాయి. మా వాడికి దొరికిన మొదటి అమ్మొనైట్ రూపాయి బిళ్ళంత ఉంది, బంగారు రంగులో మెరుస్తోంది. దాన్ని అత్తగారి చేతిలో పెడితే ఆవిడ కాసేపు తిప్పి తిప్పి చూసి, "అమ్మాయ్, ఇది శాలగ్రామం కదూ?" అన్నారు. నిజమే. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికి మన పూజామందిరాల్లోకి వచ్చే శాలగ్రామాలూ అమ్మొనైట్ శిలాజాలే. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని మనవడికి తిరిగి ఇచ్చారు. వాడు ఆ రోజు రాళ్ళ గురించి నేర్చుకున్నదానికంటే నానమ్మ గురించి నేర్చుకున్నదే ఎక్కువనిపించింది.

ఈ రెండు ఊళ్ళలో దేన్ని ఎంచుకోవాలి? ఏరుకోవడమే ముఖ్యమైతే చార్మత్. బీచ్ పక్కనే కార్ పార్కు, అక్కడే హెరిటేజ్ కోస్ట్ సెంటర్, అందులోకి ప్రవేశం ఉచితం. ఏ రాయిలో ఏముంటుందో, ఎలా వెతకాలో అక్కడివాళ్ళు ఓపికగా చెప్తారు. డబ్బు కట్టి గైడ్‌తో వెళ్ళే నడకలు కూడా ఉన్నాయి. మొదటిసారి వెళ్తుంటే ఆ డబ్బు కట్టండి. మేం సొంతంగా రెండు గంటలు వెతికినా దొరకనివి గైడ్‌తో అరగంటలో దొరికాయి. సెలవుల్లో ఈ నడకలు త్వరగా నిండిపోతాయి, ముందే బుక్ చేసుకోవాలి.

కథ కూడా కావాలనుకుంటే లైమ్ రీజిస్. 1799లో ఈ ఊళ్ళో వడ్రంగి ఇంట్లో పుట్టిన మేరీ ఆనింగ్ పన్నెండేళ్ళ వయసులో అన్నతో కలిసి ఇక్థియోసార్ అనే ప్రాచీన సముద్ర సరీసృపం అస్థిపంజరాన్ని వెలికితీసింది. 1823లో ప్లీసియోసార్ అనే పొడవాటి మెడ ఉన్న సముద్ర సరీసృపం పూర్తి అస్థిపంజరాన్ని కనిపెట్టింది. తండ్రి అప్పులు మిగిల్చి పోతే, శిలాజాలు ఏరి పర్యాటకులకు అమ్ముకుంటూ బతికిన ఇల్లు అది. లండన్‌లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆవిడ తవ్వితీసిన వాటి మీద వ్యాసాలు రాసుకున్నారు. ఆడవాళ్ళకు సభ్యత్వం ఇవ్వని జియలాజికల్ సొసైటీలో ఆవిడకు చోటే లేదు. ఆవిడ ఇల్లున్న స్థలంలోనే ఇప్పుడు లైమ్ రీజిస్ మ్యూజియం ఉంది. ఒక స్కూలు పిల్ల మొదలుపెట్టిన ప్రచారంతో 2022లో ఊళ్ళో ఆవిడ విగ్రహం కూడా వెలిసింది. ఆడపిల్లలున్నవాళ్ళు ఆ విగ్రహం దగ్గర నిలబడి ఈ కథ చెప్పండి. ఊరు మాత్రం ఏటవాలు. కార్ పార్కు పైన ఉంటే సముద్రం దాకా బాగా దిగాలి. మోకాళ్ళ విషయంలో చార్మత్‌దే పైచేయి.

ఎక్కడికి వెళ్ళినా ఆటుపోట్ల పట్టిక చూడకుండా బీచ్ వెంట నడవొద్దు. పోటు తగ్గుతున్నప్పుడు మాత్రమే బయల్దేరండి. నీళ్ళు పెరిగితే కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుపోతారు, పైకి ఎక్కే దారి ఉండదు. కొండ అడుగున నిలబడొద్దు, కొండను తవ్వొద్దు. మంచి శిలాజాలు నీళ్ళ అంచున గులకరాళ్ళలోనే దొరుకుతాయి. తుఫాను తర్వాతి రోజుల్లో, చలికాలంలో ఎక్కువ దొరుకుతాయి. కానీ కొండలు విరిగిపడేదీ అప్పుడే, పిల్లలతో అయితే వసంతం దాకా ఆగడం నయం.

ఇంత దూరం వెళ్ళలేమంటే మధ్య భాగంలో కిమ్మరిడ్జ్ ఉంది. అక్కడి ఎట్చెస్ కలెక్షన్ మ్యూజియం చిన్నదే అయినా, దగ్గర్లోని కొండలోంచి తీసిన ప్లయోసార్ అనే భారీ సముద్ర సరీసృపం పుర్రె అందులో ఉంది. రెండు మీటర్ల పొడవు. మా వాడు దాని ముందు నోరు తెరిచి నిలబడ్డాడు. వాన రోజుకు కూడా పనికొస్తుంది. కిమ్మరిడ్జ్ బీచ్‌లో సొంతంగా ఏరుకోవడం కుదరదు, రాతి మడుగుల్లో పీతల్ని చూడొచ్చు.

జంతువులు, ట్యాంకులు, హంసలు

ఊల్ స్టేషన్‌కు దగ్గర్లో మంకీ వరల్డ్ ఉంది. "కోతుల్ని చూడటానికి టికెట్టా? తిరుపతి మెట్ల మీద కావలసినన్ని" అన్నారు మామగారు. వెళ్ళాక మాత్రం చింపాంజీల దగ్గర నుంచి కదల్లేదు. జిమ్ క్రోనిన్ 1987లో మొదలుపెట్టిన ఈ చోటు జూ కాదు. బీచ్‌లలో ఫోటోల కోసం, సర్కస్‌లలో, ల్యాబుల్లో, ఇళ్ళలో బంధించిన కోతుల్ని, చింపాంజీల్ని, ఒరాంగుటాన్‌లని కాపాడి తెచ్చి ఉంచే చోటు. ఒక్కో జంతువు ఎక్కణ్ణుంచి వచ్చిందో బోర్డుల మీద రాసి ఉంటుంది. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. పిల్లల ఆటస్థలం కూడా పెద్దది. ఆరుబయట తిరిగేదే ఎక్కువ కాబట్టి వాన రోజున వద్దు.

వాన రోజుకు అక్కడికి దగ్గర్లోనే, బోవింగ్టన్‌లో ట్యాంక్ మ్యూజియం ఉంది. దాదాపు అంతా లోపలే, నేల చదును, వీల్‌చైర్‌కు ఇబ్బంది లేదు. 1915లో చేసిన తొలి ట్యాంకు నమూనా లిటిల్ విల్లీ, 1943లో ట్యునీషియాలో పట్టుబడ్డ జర్మన్ టైగర్ ట్యాంకు ఇక్కడున్నాయి. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు, తాతయ్యలకు చాలా ఇష్టమవుతుంది. నాలుగేళ్ళవాళ్ళకు గంటలో విసుగొస్తుంది.

అబ్బాట్స్‌బరీ హంసల తావు ఈ రెండింటికంటే నెమ్మదైన చోటు. వేమత్‌కు పడమరగా, చెసిల్ బీచ్ వెనకున్న ఫ్లీట్ అనే ఉప్పునీటి కయ్య ఒడ్డున ఉంది. క్రైస్తవ సన్యాసులు వందల ఏళ్ళ కిందట మొదలుపెట్టిన పెంపకం. గూళ్ళు కట్టుకుని పొదుగుతున్న హంసల మధ్యలోంచి నడవొచ్చు. మే మధ్య నుంచి జూన్ చివరి దాకా గుడ్లలోంచి హంసపిల్లలు బయటికొచ్చే కాలం. మీ కాళ్ళ పక్కనే గుడ్డు పగిలి బూడిదరంగు పిల్ల బయటికి రావడం చూడొచ్చు. ఆ ఆరువారాల్లో వెళ్తే ఇంతకంటే మంచి చోటు లేదు. మిగతా నెలల్లో అయితే దీని కోసమే ఇంత దూరం రానక్కర్లేదు, చలికాలంలో మూసేస్తారు కూడా. దగ్గర్లోని చెసిల్ బీచ్ 18 మైళ్ళ గులకరాళ్ళ గట్టు. చూడటానికి అద్భుతం, కానీ అలలు లోపలికి లాగేస్తాయి. పిల్లల్ని అక్కడ నీళ్ళలోకి దించొద్దు.

కోట, పొగ రైలు, దీవి

అందరికీ ఏదో ఒకటి దక్కే రోజు కావాలంటే నేను చెప్పేది ఇదే. కార్ఫ్ పక్కనున్న నార్డెన్ దగ్గర కారు ఆపి స్వానేజ్ రైల్వే ఎక్కండి. 1972లో మూసేసిన ఈ దారిని వాలంటీర్లు ఏళ్ళ తరబడి శ్రమించి మళ్ళీ వేశారు. ఆవిరి ఇంజను, పాతకాలపు పెట్టెలు, కిటికీలోంచి కార్ఫ్ కోట శిథిలాలు. చిన్నప్పుడు బొగ్గు రైలెక్కిన మామగారు పొగ వాసన రాగానే పాత కబుర్లు మొదలుపెట్టారు. స్వానేజ్‌లో దిగి కొద్దిగా నడిస్తే ఇసుక బీచ్. తిరుగు దారిలో కార్ఫ్‌లో దిగితే కోట చూడొచ్చు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో, రాజు పక్షాన ఉన్న లేడీ మేరీ బ్యాంక్స్ తక్కువ మందితో కాపాడుకున్న కోటను 1646లో పార్లమెంటు సైన్యం మందుగుండు పెట్టి కూల్చేసింది. ఒరిగిన బురుజులు అలాగే నిలబడి ఉన్నాయి. కోట ఎక్కడం కష్టమైనవాళ్ళు కింద ఊళ్ళో టీ తాగుతూ దాన్ని చూడొచ్చు.

పూల్ రేవు నుంచి పడవలో వెళ్ళే బ్రౌన్‌సీ దీవి ఎర్ర ఉడతలకు ప్రసిద్ధి. 1907లో బేడెన్ పవెల్ స్కౌట్ ఉద్యమానికి బీజం వేసిన శిబిరం జరిగింది ఇక్కడే. స్కౌట్స్‌లో ఉన్న పిల్లలకు తప్పక చూపించండి. ట్రస్ట్ సభ్యులకు దీవి ప్రవేశం ఉచితమే, పడవ టికెట్ మాత్రం వేరుగా కొనాలి. స్టడ్‌ల్యాండ్ పార్కింగ్, కార్ఫ్ కోట, బ్రౌన్‌సీ ఈ మూడూ ఒకే ఏడాదిలో చూసే ఆలోచన ఉంటే సభ్యత్వం ఖర్చు లెక్క వేసి చూడండి.

కారు లేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. వాటర్లూ నుంచి వచ్చే రైలు బోర్న్‌మత్, పూల్, వేరమ్, ఊల్, వేమత్‌లలో ఆగుతుంది. బోర్న్‌మత్ నుంచి స్వానేజ్ వెళ్ళే 50 నంబరు బస్సు శాండ్‌బ్యాంక్స్ దగ్గర గొలుసులతో నడిచే ఫెర్రీ ఎక్కి నీళ్ళు దాటుతుంది. బస్సు పడవెక్కడం పిల్లలకు దానంతటదే ఒక వేడుక. లైమ్ రీజిస్‌కు మాత్రం రైలు లేదు, ఆక్స్‌మిన్‌స్టర్‌లో దిగి బస్సెక్కాలి.

తిండి ఇంటి నుంచే తీసుకెళ్తాం. పులిహోర, పెరుగన్నం, మాగాయ. ఎక్కడ తిన్నా సీగల్స్ మీద కన్నేసి ఉంచండి, చేతిలో చిప్స్ ఎత్తుకుపోతాయి. జులైలో కూడా పెద్దవాళ్ళకు శాలువా, మఫ్లర్ పెట్టండి, సముద్రపు గాలి లోపలిదాకా కోస్తుంది.

ఈసారి మే నెలలో మా అమ్మ వస్తోంది. ఇంట్లో కోళ్ళను పొదగేసిన చెయ్యి ఆమెది. గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని పిల్ల ఎప్పుడొస్తుందో చెప్పేది. పెద్దవాడు చార్మత్ అంటున్నాడు, చిన్నది వేమత్ ఇసుక అంటోంది. మే చివరి వారం సెలవుల్లో పొద్దున అబ్బాట్స్‌బరీ హంసలకు, మధ్యాహ్నం అక్కణ్ణుంచి వేమత్‌కు వెళ్దామనుకుంటున్నాం. చార్మత్‌కు పోటు సమయాలు ఏ రోజున కుదురుతాయో చూసి పెద్దవాడికి మాటిచ్చాను.